బెంగళూరు – శాన్ ఫ్రాన్సిస్కో: దూరమెంత? కాలమెంత?

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్లాటినం జూబిలీ వంటి శుభసందర్భంలో పాఠశాల చరిత్రను గురించో, మాతృభాషా బోధన ఔన్నత్యాన్ని గురించో ప్రసంగించడం పరిపాటి. ఆ విషయాలను ఈ వేదికపై ఇతర పెద్దలు సమర్థంగా ప్రస్తావించారు. ఈ ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం కొందరికి వింతగా తోచవచ్చు. బెంగళూరు నగరానికీ, అమెరికా పడమటి తీరాన ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో నగరానికీ నడుమ దూరమెంత, ఆ దూరాన్ని విమానంలో దాటడానికి పట్టే కాలమెంత అన్నదే ఆ విషయం. బళ్లారిలోని తెలుగు పాఠశాలకు ఈ లెక్కతో పనేమిటని ప్రశ్నించేవారికి సమాధానం ఈ సభలోనే ఉంది. ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులలో పలువురి బిడ్డలు ఆ నగర పరిసరాలలోనే ఉద్యోగాలు చేసుకొంటున్నారు. వీడ్కోలు చెప్పేనాడు ఆ బిడ్డలు అనే మాట ఒకటే: "పదహారు గంటలే కదమ్మా, పిలిస్తే వచ్చి వాలుతాను." ఆ మాటను నమ్ముకొని ఎందరో పెద్దవారు ఒంటరిగా ఇళ్లలో కాలం వెళ్లబుచ్చుతున్నారు. ఆ పదహారు గంటలు అబద్ధం కాదు. కాని పూర్తి నిజమూ కాదు. ఆ అంకెలో ఏమి ఇమిడి ఉన్నదో, ఏమి ఇమడలేదో తెలుసుకొనడం పిల్లలకు భూగోళ పాఠం. పెద్దలకు అంతకంటె అవసరమైన సంగతి.

మొదట దూరం సంగతి. తరగతి గోడకు తగిలించిన ప్రపంచపటాన్ని చూపి, బెంగళూరు నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దారి గీయమంటే పిల్లలు తడుముకోకుండా స్కేలు పెట్టి అడ్డగీత గీస్తారు. ఆ గీత అరేబియా మీదుగా, ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికాను ఈ చివర నుండి ఆ చివరకు కోసుకొంటూ పోతుంది. కొంచెం చురుకైనవారు తూర్పువైపు నుండి పోవచ్చునని గ్రహించి పసిఫిక్ మహాసముద్రం మీదుగా గీస్తారు. అది పడమటి గీత కంటె పొట్టిదే. అయినా ఆ తూర్పు గీతను నిజమైన భూమి మీద కొలిస్తే దాదాపు 16,000 కిలోమీటర్లు వస్తుంది. అదే పని గోళం మీద చేయించి చూడవలసింది. రెండు నగరాల మీద రెండు వేళ్లుంచి, నడుమ ఒక దారాన్ని బిగువుగా లాగితే, ఆ దారం తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. ఇంచుమించు ఉత్తరానికే పరుగెత్తుతుంది. పిల్లలు మొదట దారం జారిందనుకొంటారు. మళ్లీ లాగినా అంతే. గోళం మీద రెండు బిందువుల నడుమ అతి తక్కువ దూరం మహావృత్తం వెంట మాత్రమే ఉంటుందనీ, గోడపటం గుండ్రని భూమిని బల్లపరుపుగా పరచే ప్రయత్నంలో ఉత్తర ప్రాంతాలను సాగదీసి చూపిస్తుందనీ చెప్పడానికి ఆ ఒక్క దారం చాలు. పుస్తకంలో రెండు పుటల వివరణ ఇచ్చినా ఆ ఫలితం రాదు.

ఆ దారం ఎంత పొడవన్నది పదవ తరగతి త్రికోణమితికి కొద్దిగా ముందుకు పోయిన విద్యార్థి కట్టగల లెక్క. బెంగళూరు విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల వద్ద, తూర్పు రేఖాంశం 77 డిగ్రీలు దాటి ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 37 డిగ్రీలకు మించి, పశ్చిమ రేఖాంశం 122 డిగ్రీల మీద ఉంది. భూకేంద్రం నుండి ఈ రెంటికీ గీతలు గీస్తే వాటి నడుమ కోణం దాదాపు 126 డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్ల చొప్పున 7,560 మైళ్లు. నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్ల వంతున లెక్కిస్తే రమారమి 14,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు గనుక ఏ రెండు ఊళ్ల నడుమనైనా దూరం 20,000 కిలోమీటర్లకు మించే వీలు లేదు. ఆ గరిష్ఠ దూరంలో పదింట ఏడు వంతులు ఈ బిడ్డలు దాటిపోయి కాపురముంటున్నారన్నమాట.

ఆ 14,000 కిలోమీటర్ల దారం ఏయే ప్రదేశాల మీదుగా పోతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బెంగళూరులో బయలుదేరి అనంతపురం, కడప ప్రాంతాల సరిహద్దు మీదుగా నంద్యాలను, ఆపై వరంగల్లును ఒరసుకొంటూ పోతుంది. అంటే అమెరికా ప్రయాణంలో మొదటి ఆరేడు వందల కిలోమీటర్లు తెలుగు నేల మీదనే! తరువాత గంగామైదానం దాటి, నేపాలులోని అన్నపూర్ణ పర్వత ప్రాంతం మీదుగా టిబెట్టులో ప్రవేశిస్తుంది. షిన్‌జియాంగ్, మంగోలియా, సైబీరియాలోని యాకూతియా దాటి, కోలిమా నది సముద్రంలో కలిసేచోటికి ఉత్తరంగా 71వ అక్షాంశాన్ని తాకుతుంది. అక్కడి నుండి దిగివస్తూ అలాస్కా మీదుగా కాలిఫోర్నియా తీరం చేరుతుంది. ఎండకు పేరుపడిన బళ్లారి, బెంగళూరు సీమల నుండి మరొక సమశీతోష్ణ నగరానికి దగ్గరి దారి మంచుసముద్రపు ఒడ్డు మీదుగా ఉండటం ప్రకృతి వైచిత్రి కాక మరేమిటి?

అయితే విమానాలు ఆ దారాన్ని తు.చ. తప్పకుండా అనుసరించవు. టిబెట్ పీఠభూమి సగటున నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది. విమానం లోపలి గాలి ఒత్తిడి పడిపోయినచో, ప్రయాణికుల ప్రాణవాయు తొడుగులు పనిచేసే కొద్ది నిమిషాలలోనే విమానం మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగిపోవాలి. నేలయే అంతకంటె ఎత్తున ఉన్నచోట ఎక్కడికి దిగుతుంది? అందుచేత సాధ్యమైనంతవరకు ఆ ప్రాంతాన్ని చుట్టి పోతారు. దానికి తోడు గాలులు, దేశాల అనుమతులు, వాతావరణం అన్నీ చూసుకొని ఏ రోజు దారి ఆ రోజే నిర్ణయిస్తారు.

గాలుల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పుకు నదిలాగా పారే బలమైన గాలి ప్రవాహాలు ఉన్నాయి. వీటిని 1920లలో జపాను శాస్త్రజ్ఞుడు ఊయిషి వసబురో బెలూన్లు ఎగురవేసి కనుగొన్నాడు. ప్రపంచమంతా చదువుతుందన్న ఆశతో తన ఫలితాలను ఎస్పరాంటో అనే కృత్రిమ భాషలో ప్రకటించాడు. దాదాపు ఎవరూ చదవలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా బాంబర్ విమానాలు జపాను మీద ఎదురుగాలులలో చిక్కుకొన్న తరువాతనే ఆ గాలుల బలం లోకానికి బాగా తెలిసివచ్చింది. (ఎవరికోసమో వ్రాసి ఎవరికీ అందకపోవడం కంటె, జపాను భాషలోనే వ్రాసి తన వారికైనా చేరవేసి ఉంటే బాగుండేదేమో!) సరే, లెక్క చూడండి. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. దారి పొడుగునా 100 కిలోమీటర్ల గాలి వెనుక నుండి నెట్టితే 14,000 కిలోమీటర్లకు 14 గంటలు పడుతుంది. అదే గాలి ఎదురైతే పదిహేడున్నర గంటలు. దూరం మారలేదు, యంత్రం మారలేదు. మూడున్నర గంటల తేడా గాలిది. అందుచేతనే తూర్పు దిక్కుగా పోయేటప్పుడు కొన్ని వందల కిలోమీటర్లు చుట్టు తిరిగి అయినా పసిఫిక్ మీది గాలిని అందుకోవడం లాభసాటిగా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఆ గాలిని తప్పించుకొనడానికి ఉత్తరంగా పోతారు. పోయే దారి వేరు, వచ్చే దారి వేరు.

బెంగళూరుకూ శాన్ ఫ్రాన్సిస్కోకూ నడుమ ఎక్కడా ఆగని విమానయానం 2021 జనవరిలో ఆరంభమైంది. జనవరి 9వ తేదీ రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 777 విమానం ఉత్తరధ్రువం మీదుగా ప్రయాణించి జనవరి 11వ తేదీ తెల్లవారకముందే బెంగళూరులో దిగింది. దానిని నడిపినవారు నలుగురూ స్త్రీలే: కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్షా సోనావరే, కెప్టెన్ శివానీ మన్హాస్. ఈ నాలుగు పేర్లనూ ఈ సభలోని బాలికలు తమ నోటుపుస్తకాలలో వ్రాసుకొనవలసిందిగా కోరడమైనది. ధ్రువం మీదుగా పోవడం పెద్ద చుట్టు అని అనిపించవచ్చు. కాని ఢిల్లీ, బెంగళూరు రెండూ ఇంచుమించు 77వ రేఖాంశం మీదనే ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో నుండి నిట్టనిలువుగా ధ్రువానికి ఎక్కి, అక్కడి నుండి నిట్టనిలువుగా ఈ రేఖాంశం వెంట దిగితే మొత్తం దూరం సుమారు 14,360 కిలోమీటర్లు. అతి దగ్గరి దారం కంటె ఎక్కువైనది మూడు వందల అరవై కిలోమీటర్లే. అంటే బళ్లారి నుండి బెంగళూరుకు పోయే రోడ్డు దూరం కంటె కొంచెమే అధికం.

ధ్రువమార్గంలో దూరం కలిసివస్తుంది గాని వేరే చిక్కులున్నాయి. దిక్సూచి అక్కడ నమ్మదగినది కాదు. సాధారణంగా వాడే జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల వద్ద గడ్డకట్టనారంభిస్తుంది కనుక ఇంధనపు ఉష్ణోగ్రతను కనిపెట్టి ఉండాలి. అత్యవసరంగా దిగడానికి ఊళ్లు తక్కువ. ఇంధనం విషయంలో మరొక విచిత్రమున్నది. ఇటువంటి విమానం నిండు బరువు సుమారు 347 టన్నులు కాగా, అందులో ఐదింట రెండు వంతుల వరకు ఇంధనమే ఉండవచ్చు. మొదటి గంటలలో మండే ఇంధనంలో గణనీయమైన భాగం, చివరి గంటలలో మండవలసిన ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. పెళ్లికి పోయే బండిలో ఎద్దుల మేతే సగం బండి నిండినట్లు! అందుకే దూరం పెరిగేకొద్దీ ఖర్చు అదే నిష్పత్తిలో పెరగదు. ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. ఇంతకంటె పొడవైన మార్గాలు లేకపోలేదు. సింగపూరుకూ న్యూయార్కు ప్రాంతానికీ నడుమ 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని పద్దెనిమిది గంటలకు మించిన కాలంలో దాటే విమానసేవ 2018 అక్టోబరులో తిరిగి మొదలైంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుండి లండన్‌కు సుమారు 14,500 కిలోమీటర్ల ఏకబిగి ప్రయాణం అదే సంవత్సరం మార్చిలో మొదలైంది.

ఈ వేగం ఎంత కొత్తదో గుర్తుచేయడానికి బళ్లారి పట్టణమే ఒక సాక్షి. 1920ల చివరి సంవత్సరాలలో నటశేఖరుడు బళ్లారి రాఘవ ఇంగ్లండు పోయినది ఓడ మీదనే. బొంబాయి నుండి లండన్ చేరడానికి ఓడలో రెండు మూడు వారాలు పట్టే రోజులవి. 1929లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుండి కరాచీకి విమానసేవను ఆరంభించినప్పుడు, నడుమ కొంత దూరం రైలులోనూ, కొంత దూరం నీటి మీద వాలే విమానంలోనూ సాగి, మొత్తం ఏడు రోజులు పట్టేది. ఆ టపాను దేశం లోపలికి చేరవేయడానికి 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా చిన్న పుస్ మాత్ విమానంలో కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి వచ్చారు. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయని చెబుతారు. బొంబాయి నుండి ఆ ఉత్తరాల సంచులను మద్రాసుకు తీసుకొనిపోయినవాడు నెవిల్ వింట్‌సెంట్. ఆయన విమానం నడుమ దిగిన ఊరు బళ్లారి! భారతీయ పౌర విమానయాన చరిత్రలో మొట్టమొదటి అధ్యాయంలోనే, మొట్టమొదటి మార్గంలోనే ఈ ఊరి పేరున్నది. ఈనాటి పిల్లలలో ఎందరికి ఈ సంగతి తెలుసు? పురవీధిలో తిరిగే పెద్దలలో మాత్రం ఎందరికి తెలుసు? ఇది పాఠ్యపుస్తకంలో లేనంత మాత్రాన పాఠశాలలో చెప్పకూడదన్న నియమమేదీ లేదు.

ఆ తరువాతి మెట్లు త్వరత్వరగా సాగాయి. 1948 జూన్ 8న 'మలబార్ ప్రిన్సెస్' అనే విమానం బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు పోయింది. 1960లో జెట్ విమానం న్యూయార్కు చేరింది. వారాలు రోజులైనాయి, రోజులు గంటలైనాయి.

ఇక కాలం సంగతి. ఇక్కడ పిల్లలే కాదు, పెద్దలూ తికమకపడతారు. బెంగళూరులో మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరిన విమానం పదహారు గంటలు ఎగిరి శాన్ ఫ్రాన్సిస్కోలో దిగితే, శీతకాలంలో అక్కడి గడియారం అదే రోజు సాయంత్రం అయిదు గంటలు చూపిస్తుంది. టిక్కెట్టు చూసిన అమ్మమ్మ "రెండున్నర గంటల ప్రయాణమేనా?" అని మురిసిపోతే ఆమె తప్పేమీ లేదు. అక్కడి కాలం ఇక్కడి కంటె శీతకాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనుకబడి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం: 2021 నాటి ఆ విమానం తొమ్మిదవ తేదీ రాత్రి బయలుదేరి పదకొండవ తేదీన దిగడంలో పదవ తేదీ ఏమైపోయింది? అది ఎవరూ దొంగిలించినది కాదు. భూమి తిరుగుతుంటే దానికి ఎదురుగానో, దానితో పాటుగానో ప్రయాణించేవారికి దినం పొట్టిదవుతుంది లేదా పొడుగవుతుంది. మాజెల్లాన్ బృందంలో మిగిలిన కొద్దిమంది 1522లో భూమిని చుట్టి తిరిగివచ్చేటప్పుడు, ఒక్క రోజు కూడా తప్పకుండా వ్రాసుకొన్న తమ దినచర్యలో బుధవారమైతే, ఒడ్డున ఉన్నవారికి గురువారమైంది. వారంతా నిర్ఘాంతపోయారు. లెక్కలో పొరపాటు లేదు; ఒక పగలు తక్కువగా చూశారు, అంతే.

శరీరానికి మాత్రం ఈ లెక్కలు అంత సులభంగా ఒంటబట్టవు. ప్రతి జీవకణంలోనూ ఒక గడియారం ఉన్నదని, అది ఏ విధంగా పనిచేస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఆ గడియారం స్థూలంగా రోజుకొక గంట చొప్పున మాత్రమే కొత్త చోటికి సర్దుకొంటుంది. పగలు పూర్తిగా రాత్రిగా మారే ఈ ప్రయాణంలో పది రోజులైనా గడవనిదే నిద్రా, ఆకలీ కుదుటపడవు. రెండు వారాల సెలవుతో వచ్చిన కొడుకు పగలంతా నిద్రపోతున్నాడని, మాట్లాడటం లేదని బాధపడే తల్లులు ఈ సంగతి గమనించాలి. అది ప్రేమలేమి కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. విమానం గాలిలో ఉండే కాలం పదహారు గంటలనుకొందాం. శాన్ ఫ్రాన్సిస్కో సమీపంలో ఉద్యోగం చేసే కుమార్తెకు తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడని తెల్లవారుజామున ఫోను అందింది. అదే రోజు విమానం ఉండాలి, అందులో స్థలముండాలి, చేతిలో చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, తిరిగి రావడానికి అవసరమైన వీసా పత్రాలు ఉండాలి. మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. దేవనహళ్లి చేరిన తరువాత పరీక్షలు ముగించుకొని బయటపడటానికి ఒక గంట, ఒకటిన్నర గంట. అక్కడి నుండి బళ్లారికి మూడు వందల కిలోమీటర్లు. కారులో ఆరు గంటల మాట. అన్నీ అనుకూలిస్తే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది గంటలు. నడుమ మరొక ఊరిలో విమానం మారవలసివస్తే ముప్పై అయిదు, నలభై. ఏకబిగిని పోయే సేవలు వారంలో అన్ని రోజులూ ఉండేవి కావు. 2021లో మొదలైన ఈ సేవ కూడా నడుమ నిలిచిపోయి మళ్లీ మొదలైన సందర్భమున్నది. కాబట్టి "పదహారు గంటలు" అన్న అంకెను గుండెలో పెట్టుకొని కూర్చోవడం కంటె "రెండు రోజులు" అనుకొని దానికి తగిన ఏర్పాట్లు చేసుకొనడం వివేకం. చితికి నిప్పు పెట్టవలసినవాడు రాలేదని ఊరి పెద్దలు నిందించే ఇళ్లను ఈ పట్టణం చూడకపోలేదు. నిందించేవారు దారాన్ని గోళం మీద ఒక్కసారి లాగి చూస్తే మంచిది.

దారి ఉన్నంత మాత్రాన తలుపు తెరచి ఉంటుందన్న హామీ కూడా లేదు. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశంలోనికి వచ్చే అంతర్జాతీయ విమానాలన్నీ నిలిచిపోయాయి. మే 7వ తేదీ నుండి ప్రభుత్వం ప్రత్యేక విమానాలు నడిపింది. సాధారణ అంతర్జాతీయ సేవలు తిరిగి పూర్తిగా ఆరంభమైనది 2022 మార్చి 27న. రెండు సంవత్సరాలు! ఓడల కాలంలో సైతం అంత ఎడబాటు లేదేమో. అంత్యక్రియలను ఫోను తెరమీద చూసిన బిడ్డలు ఈ సభలో కూడా ఉండి ఉంటారు; వారి ముందు దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం వ్యర్థం. 2022 ఫిబ్రవరి తరువాత ఉక్రెయిన్ యుద్ధం కారణంగా రష్యా ఆకాశం అనేక దేశాల విమానాలకు మూతపడింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని భారతీయ విమానాలకు మూసివేయగా, ఉత్తర భారతం నుండి పడమరకు పోయే దారులు చుట్టు తిరిగి, కొన్ని ప్రయాణాలలో నడుమ దిగి ఇంధనం నింపుకోవలసివచ్చింది. ఆకాశంలో గీతలు కనిపించవు గాని సరిహద్దులు నేలమీద కంటె తక్కువేమీ కావు.

ఒక ఉదంతం చెప్పవలసి ఉంది. 2023 జూన్ 6న ఢిల్లీ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు పోతున్న విమానం ఒక ఇంజనులో సాంకేతిక లోపం ఏర్పడటంతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్ అనే ఊరిలో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అంతమందికి చాలినన్ని హోటళ్లు ఆ ఊరిలో లేవు. కొందరిని ఒక పాఠశాలకు తీసుకొనిపోయి నేల మీద పరుపులు పరచి పడుకోబెట్టారు. భాష రాదు, తిండి వేరు. వారిలో పిల్లలూ వృద్ధులూ ఉన్నారు. జూన్ 8న మరొక విమానం వచ్చి వారిని తీసుకొనిపోయింది. పటంలో ఎవరూ చూడని ఒక ఊరి బడి, దారి తప్పిన పరాయివారికి రెండు రాత్రులు ఇల్లయింది. ఆ బడిలో ఏ భాషలో పాఠాలు చెబుతారో గాని, ఆ బడికి ఈ బడి తరఫున నమస్కరించడం ఉచితం.

తల్లిదండ్రులలో కొందరు, ఇంత దూరాలు పోయే పిల్లలకు తెలుగు మాధ్యమం ఎందుకని అడుగుతుంటారు. ఆ వాదాన్ని ఇక్కడ విస్తరించే అవకాశం లేదు. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. అక్షాంశం, రేఖాంశం, మహావృత్తం, ధ్రువం, కోణం అన్న మాటలతోనే ఇంతవరకు ఈ లెక్క అంతా సాగింది. ఎక్కడా ఆగలేదు. ఈ పాఠశాలలో గోళం మీద దారం లాగిన పిల్ల, ఆ పాఠాన్ని ఏ దేశంలోనైనా ఏ భాషలోనైనా మళ్లీ చెప్పగలదు. గోడపటం గీతనే నమ్మిన పిల్లకు ఇంగ్లీషులో చెప్పినా ఆ దారి తెలియదు. అందుచేత జూబిలీ విరాళాలలో కొంత భాగం వెచ్చించి ప్రతి తరగతికి ఒక మంచి గోళం కొనాలన్న సూచనను పాలకవర్గం పరిశీలించవలసిందిగా ప్రార్థన. గోడపటాలు తీసివేయనక్కరలేదు, రెండూ పక్కపక్కన ఉంటేనే తేడా తెలుస్తుంది.

చివరగా, ఫోను కోసం ఎదురుచూసే పెద్దలకు ఉపయోగపడే చిన్న వివరం. అమెరికాలో మార్చి నెల రెండవ ఆదివారం నాడు గడియారాలను ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం నాడు మళ్లీ వెనుకకు తిప్పుతారు. బిడ్డ పని ముగించుకొని అక్కడి సాయంత్రం ఆరున్నరకు ఫోను చేసే అలవాటున్నదనుకొంటే, అది వేసవిలో ఇక్కడ మరునాటి ఉదయం ఏడు గంటలకు మోగుతుంది. నవంబరు నుండి మార్చి వరకు ఎనిమిదింటికి మోగుతుంది. నవంబరు మొదటి ఆదివారానికి మరునాడు ఏడు దాటినా ఫోను రాలేదని కంగారుపడనక్కరలేదు. ఆ గంటలో కాఫీ పెట్టుకోవచ్చు.